అధికారం ఎక్కువ పోగుపడేది ఎక్కడ, క్యాపిటలిజంలోనా సోషలిజంలోనా?

గోదారి గట్టు:
సోషలిజం పేరు చెప్పి అధికారం నిజంగా జనానికి ఇచ్చిన దేశం ఒక్కటి చూపించండి. రష్యాలో 1917 విప్లవంలో బోల్షెవిక్కులకి, అంటే లెనిన్ పార్టీకి, అండగా నిలబడ్డ క్రోన్‌స్టాట్ నౌకాస్థావరం నావికులే 1921 మార్చిలో సోవియట్లకి (కార్మికులు, సైనికులు ఎన్నుకునే సభలకి) రహస్య బ్యాలెట్‌తో మళ్ళీ ఎన్నికలు పెట్టమని అడిగితే వాళ్ళ మీదకి ఎర్రసైన్యాన్ని పంపారు. అదే నెలలో పార్టీ మహాసభ తమ పార్టీలోనే ఉన్న వేరు గ్రూపుల్ని కూడా నిషేధించింది. ఫ్యాక్టరీ, పేపరు, పోలీసు అన్నీ ఒకే పార్టీ చేతిలో ఉంటే ఎదురు మాట్లాడినోడు పనికి ఎక్కడికి పోతాడు? మార్కెట్లో కనీసం ఇంకో కంపెనీ ఉంటుంది.

బెజవాడ సెంటర్:
ఉంటుందా? సిమ్ కార్డుల సంగతే చూడండి, ఒకప్పుడు పది దాకా కంపెనీలు ఉండేవి, 2016లో జియో వచ్చాక కొన్ని మూతపడి కొన్ని కలిసిపోయి ప్రైవేటులో పెద్దవి మూడే మిగిలాయి, 2024 జూలైలో ఆ మూడూ ఒక్క వారంలోనే రేట్లు పెంచేశాయి, మనం ఏం చేశాం, రీఛార్జ్ చేసుకున్నాం. డబ్బు పోగుపడ్డ చోటికే రాజకీయమూ పోతుంది. 2018లో పేరు బయటపడకుండా పార్టీలకి చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లు మొదలయ్యాయి, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసే దాకా ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటేసే మనకి తెలీదు.

ఓరుగల్లు:
మీరిద్దరూ ఓనర్ ఎవరు అనే దగ్గరే ఆగిపోతున్నారు అన్నా. పైనున్నోణ్ణి కిందున్నోళ్ళు దించగలరా లేదా, నాకు అదే అసలు ప్రశ్న. ఫ్యాక్టరీ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలనే లైసెన్స్ రాజ్ పెట్టింది సోషలిజం పేరుతోనే కదా, ఆ లైసెన్సుల మీద ఆర్థికవేత్త హజారీ నివేదిక 1967లో వచ్చాక తేలిందేంటంటే బిర్లా లాంటి పెద్ద గ్రూపులకే లైసెన్సులు దండిగా దక్కాయని. ఆఫీసర్ సంతకం, షావుకారి డబ్బు ఒక్కటైపోయాయి, మధ్యలో మామూలోడికి నోరే లేదు.

మన సహకార సంఘాలే తీసుకోండి. 1964 ఆంధ్రప్రదేశ్ సహకార చట్టం కింద పాలకవర్గాన్ని రద్దు చేసి పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టే పవర్ సర్కారుకి ఉండేది, అంటే డబ్బు రైతుది, పెత్తనం డిపార్ట్‌మెంట్‌ది. 1995లో మాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం వచ్చాక, సర్కారు వాటా తీసుకోకుండా తమ డబ్బుతో నడుపుకునే సంఘాలకి ఆ పెత్తనం తప్పింది. తెలంగాణలో 1956లో మొదలైన ముల్కనూరు రైతుల సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది, అక్కడే ఆడవాళ్ళే సభ్యులుగా డెయిరీ కూడా పెట్టుకున్నారు. ఒక బర్రె ఉన్నామెకీ ఒకటే ఓటు, పది ఉన్నామెకీ ఒకటే ఓటు. ఇది క్యాపిటలిజమో సోషలిజమో మీరే పేరు పెట్టుకోండి.

గోదారి గట్టు:
మాక్స్ కిందకి పోయిన కొన్ని జిల్లా డెయిరీలు తర్వాత కంపెనీలైపోయాయి కదండీ. ఒకరే ఏళ్ళకేళ్ళు చైర్మన్ కుర్చీలో కూర్చుంటే పాలు పోసే రైతుకి ఒరిగిందేంటి?

ఓరుగల్లు:
ఒరగలేదు, అది పెద్ద నష్టమే, రైతుల కష్టంతో కట్టిన ఆస్తి అది. కానీ దానికి మందు సర్కారు లాక్కోవడం కాదు. 2021లో గుంటూరు వైపు సంగం డెయిరీని జీవో ఇచ్చి తీసుకోబోతే హైకోర్టు ఆపింది, ఆ గొడవంతా ఎవరి పెత్తనం అనే దాని మీదే నడిచింది, పాలు పోసేవాళ్ళ ఓటు గురించి మాట్లాడింది తక్కువ. ఆంధ్రలో రైతులకి అప్పులిచ్చే పీఏసీఎస్‌లకి (ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాలకి) 2013లో ఎన్నికలు జరిగాయి, ఆ పదవీకాలం అయిపోయాక సర్కారు నామినేట్ చేసిన త్రిసభ్య కమిటీలే వచ్చాయి, పార్టీ మారింది గానీ పద్ధతి మారలేదు. ప్రైవేటా ప్రభుత్వమా అని మనం ఇక్కడ కొట్టుకుంటుంటే సొంత సొసైటీలో రైతుకి ఓటేసే రోజే రావట్లేదు. పదవీకాలం అయిన ఆర్నెల్లలో ఎన్నిక పెట్టాలి, ఆడిట్ అయిన లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి, వరసగా రెండుసార్ల కంటే ఎక్కువ ఎవరూ చైర్మన్‌గా ఉండకూడదు. ఈ మూడింటికీ మీరిద్దరూ ఒప్పుకుంటారా లేదా, అది చెప్పండి ముందు.