చెవి కింద గడ్డ ఆపరేషన్ తర్వాత అన్నం తింటుంటే చెంపకు చెమట: ఎవరికైనా తగ్గిందా?

అమలాపురం_రాణి: కిందటేడు పెరోటిడ్ (చెవి ముందుండే లాలాజల గ్రంథి) గడ్డ తీశారు. క్యాన్సర్ కాదు, ప్లియోమార్ఫిక్ ఎడినోమా. కుట్లు మానాయి, మూతి వంకర పోలేదు. ఇప్పుడు పులుపు నోట్లో పెడితే చాలు, ఎడమ చెవి ముందు ఎర్రబడి ధారగా చెమట. ఆ ఒక్క వైపే. పెళ్లి భోజనాలంటే టెన్షన్. ఇక్కడ నరాల బలహీనతని బీకాంప్లెక్స్ రాశారు. చెమట ఆపే బొటాక్స్ ఇంజెక్షన్ ఎన్నాళ్లు పనిచేస్తుంది? రాసుకునే మందులున్నాయా?

పాలకొల్లు_బాబాయ్: అది చెమట కాదమ్మా, ఉమ్మి కారుతోంది. మా తోడల్లుడికి కుట్టు దగ్గర ఇలాగే కారితే గట్టిగా కట్టు కట్టారు, పోయింది.

కాకినాడ_ఓటీ: బాబాయ్ గారూ, అది వేరు, ఇది వేరు. లాలాజలం కారేది ఆపరేషనైన కొత్తలో, గాయం దగ్గర. నెలలు గడిచాక మానిన చర్మం మీద వస్తే ఫ్రే సిండ్రోమ్. ఈఎన్‌టీ థియేటర్లో ఇరవై ఏళ్లు చేశాను. గ్రంథికి వెళ్లే నరాల కొసలు తెగి, మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పి చెమట గ్రంథుల్ని పట్టుకుంటాయి. లాలాజలం ఊరాల్సినప్పుడు చెమట పడుతుంది. పోలండ్ డాక్టరమ్మ లూచ్యా ఫ్రే 1923లోనే ఇది రాసింది. తేల్చుకోవడానికి ఓ పరీక్ష ఉంది: చెంపకు అయోడిన్ పూసి, ఆరాక స్టార్చ్ పొడి చల్లి, నిమ్మబద్ద చప్పరించమంటారు. చెమట పట్టినంత మేరా నల్లబడుతుంది.

పాలకొల్లు_బాబాయ్: థియేటర్లో ఉన్నవాళ్లంతా డాక్టర్లయిపోరు. నేను కళ్లారా చూశాను.

కాకినాడ_ఓటీ: మీరు చూసింది మీ తోడల్లుణ్ణి. ఆవిడ చెంపని కాదు.

తణుకు_శీను: పులుపు మానేస్తే సరిపోయేదానికి ముఖంలోకి ఆ బొటాక్స్ విషం ఎక్కించుకోవడం ఎందుకండీ?

భీమవరం_లక్ష్మి: పులుపు మానేయాలా? పులుసు లేకుండా, పనసపొట్టులో ఆవ లేకుండా మీరు తినండి చూద్దాం. నేను బొటాక్స్ చేయించుకున్నాను. చెమట పట్టే చోట పెన్నుతో గళ్లు గీసి, గడికో సూది, చర్మం పైపైనే వేశారు. చీమ కుట్టినట్టుంది. వారం తిరక్కుండా ఆరిపోయింది. శాశ్వతం కాదు, మళ్లీ వస్తే మళ్లీ వేయించుకోవాలి. అయినా నలుగురిలో కూర్చుని తుడుచుకోకుండా తిన్నాను, అది చాలు నాకు.

తణుకు_శీను: పనసపొట్టులో ఆవ ఎక్కువైతే ఎవరికైనా చెమట పడుతుంది.

భీమవరం_లక్ష్మి: ఒక్క చెంపకే పడుతుందా? పడనివాళ్లకి తెలియదు ఆ బాధ.

రాజోలు_మూర్తి: మా మావగారికి గ్లైకోపైరోలేట్ మాత్రలిచ్చారు. చెమట తగ్గింది గానీ నోరు పిడచకట్టుకుపోయి, ప్రోస్టేట్ మనిషేమో ఒంటేలు బిగిసింది. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లూ ముందే చెప్పాలి. తర్వాత అల్యూమినియం క్లోరైడ్ లోషన్ ఇచ్చారు. రాత్రి పొడిచర్మం మీద రాసి పొద్దున్నే కడగాలి. గడ్డం గీసిన రోజు మాత్రం రాయొద్దు, భగ్గుమంటుంది.

అమలాపురం_రాణి: మూర్తిగారూ, లోషన్ సంగతి అడుగుతాను. ఓటీ గారూ, నాకు థైరాయిడ్ ఉంది, ఆ అయోడిన్ పరీక్ష చేయించుకోవచ్చా?

కాకినాడ_ఓటీ: థైరాయిడ్ మాట ముందే చెప్పండి. తింటుంటే ఎర్రబడినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి ఆపరేషన్ చేసిన సర్జన్‌కి చూపించండి. చాలాసార్లు పరీక్ష లేకుండానే తేలిపోతుంది.