పెష్కిర్ కొసలు కత్తిరించి దిండు గలీబులు కుట్టించవచ్చా?

బొండుమల్లె:
మావారి ఉద్యోగం వల్ల మూడేళ్లుగా టర్కీలోని బుర్సాలో ఉంటున్నాం. వచ్చే నెల తిరిగి వచ్చేస్తున్నామని చెబితే, పక్కింటి తేయ్‌జే (పిన్ని వరస, పెద్దవాళ్లను ఇక్కడ అలాగే పిలుస్తారు) తన పెళ్లి పెట్టెలోంచి ఒక పెష్కిర్ తీసి నా చేతిలో పెట్టారు. వాళ్ల అమ్మగారిదట. సన్నని నేత తువ్వాలు. రెండు కొసల్లో పట్టుదారంతో వరసగా సైప్రస్ చెట్లు, మధ్య మధ్య చిన్న ఇళ్లు, కప్పులకు బంగారు తీగ. నడిమి గుడ్డ మాత్రం జీర్ణమైపోయింది. దాన్ని తీసేసి రెండు కొసలతో రెండు గలీబులు కుట్టిస్తే రోజూ కళ్లెదుట ఉంటాయని నా ఆలోచన. మా అత్తగారు వద్దంటున్నారు. మీరేమంటారు?

పాతపెట్టె:
దయచేసి కత్తెర పెట్టకండి. ముందు ఆ కొసను తిరగేసి చూడండి. వెనక కూడా ముందులాగే ఉంటే అది హెసాప్ ఇషి అయి ఉంటుంది. హెసాప్ అంటే లెక్క, మన హిసాబే. పడుగు పోగులూ పేక పోగులూ లెక్కపెట్టుకుంటూ కుట్టే పని. ముడి వేయరు, దారం కొసను కుట్టులోనే దాచేస్తారు. తువ్వాలు చేతుల్లో అటూ ఇటూ తిరిగే వస్తువు కదా, ఎటు తిరిగినా అతిథికి తప్పు వైపు కనబడకూడదు. గలీబు కుట్టిస్తే రెండో వైపు దూదికి అంటుకొని ఉండిపోతుంది. ఆ తల్లి పడ్డ కష్టంలో సగం మీరే కప్పేసినట్టు.

నేత ఇంటి కోడలు:
నేను ఒప్పుకోను. పెష్కిర్ చేతులు తుడుచుకోవడానికే పుట్టింది. నేల మీద పెద్ద పళ్లెం పెట్టి చుట్టూ కూర్చున్నప్పుడు, పొడుగాటి పెష్కిర్‌ను అందరి ఒళ్లలోకీ వచ్చేలా పరిచేవారు. 1718లో, బ్రిటిష్ రాయబారి భార్య లేడీ మేరీ మాంటెగ్యూ ఇస్తాంబుల్‌లో అప్పటికే చనిపోయిన ఒక సుల్తాను భార్య ఇంట భోంచేసి, పట్టూ బంగారమూ కుట్టిన రుమాళ్లకు చేతులు తుడవడానికి మనసొప్పలేదనీ, భోజనం ముగిసేసరికి అవి పూర్తిగా పాడయ్యాయనీ తన చెల్లెలికి ఉత్తరం రాసింది. ఆ ఇంటివారికి లేని బెంగ మనకెందుకు? పెట్టెలో మడత మీద మడతగా ఉంచితే ఆ మడత దగ్గరే పట్టు చిట్లుతుంది. దిండు మీదైనా నలుగురూ చూస్తారు.

పాతపెట్టె:
వాడండి, కాదనను. వాడటం వేరు, కోయడం వేరు. మ్యూజియంలలో ‘తువ్వాలు కొస’ అని రాసి ఉన్న ముక్కలు ఎన్నో కనిపిస్తాయి. నడిమి గుడ్డ పోయాక అది ఎవరి ఒళ్లో పరిచినదో ఎలా తెలుస్తుంది? మా అమ్మ పెళ్లిచీర సంగతి చెబుతాను. చిరిగిందని, పాత జరీ కొనే కొట్టులో తూకానికి ఇచ్చేశాం. వెండి కోసం కాల్చేశారు. అంచు మీది హంసల వరస నాకు ఇప్పటికీ గుర్తుంది, చూపించడానికి మాత్రం జానెడు గుడ్డ కూడా లేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మగ్గంపని:
నేను మగ్గం వర్క్ చేస్తాను. గలీబులే కావాలంటే కొత్తవి చేయించుకోండి. మరాష్ ఇషిలో (టర్కీలోని మరాష్ ఊరి పని; ఇషి అంటే పని) అట్ట ముక్క మీదుగా జరీ పరిచి, అడుగు నుంచి దారంతో బిగిస్తారు. దానికి చూసే వైపు ఒక్కటే కాబట్టి దిండుకు నప్పుతుంది. తెల్ కిర్మా అయితే ఇంకా బాగుంటుంది, బార్తిన్ ఊరు దానికి పేరు. చదునైన లోహపు తీగతో చిన్న చిన్న కత్తెర (X) గుర్తులు వేసి, ప్రతిసారీ తీగను చేత్తోనే విరుస్తారు. కిర్మా అంటే విరవడమే. మీరిచ్చే డబ్బు ఈనాడు కుట్టే ఆడవాళ్ల చేతికి వెళుతుంది. పాత దాని మీద తీగ ఉంది కనుక నీళ్లు మాత్రం తగలనివ్వకండి, నల్లబడుతుంది.

నేత ఇంటి కోడలు:
ఆ మాటకు అడ్డు చెప్పను. మా ఇంట్లో నేసేవాళ్లున్నారు, పాతదాన్ని మెచ్చుకున్నవాళ్లు కొత్తదానికి బేరమాడితే ఎంత బాధో తెలుసు. చేయించుకుంటే అడిగినంత ఇవ్వండి. పాతదాన్ని బీరువాలో పెట్టి మరిచిపోవడం మాత్రం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు.

బొండుమల్లె:
ఇప్పుడే కిటికీ దగ్గర తిరగేసి చూశాను. ముడి ఒక్కటీ లేదు. ఏది ముందో ఏది వెనకో తెలియక, గుర్తుకు మూలన పిన్నీసు పెట్టబోయి మానేశాను. నడిమిలో, నేను తీసేద్దామనుకున్న చోటే, ఎవరో తెల్లదారంతో రఫ్ఫు చేశారు. రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. తేయ్‌జేని అడిగితే, అది తను పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు కుట్టినదట, అమ్మ చేత తిట్లు తిన్నారట. మా అత్తగారికి ఫోను చేసి చెప్పాను. గుండ్రని కర్రకు తెల్లగుడ్డ చుట్టి, మడత పెట్టకుండా దాని మీద చుట్టి తెమ్మన్నారు. కర్ర ఎంత పొడుగు ఉండాలో కొలవాలి.