కోబ్రా 427 రెప్లికా ఇక్కడ తయారుచేసి బయటికి అమ్మడం – వ్యాపారంగా నిలబడుతుందా?

ఆటోనగర్ ఫైబర్:
విజయవాడ ఆటోనగర్‌లో మాది ఫైబర్ షాపు. బస్సుల డాష్‌బోర్డులు, ముందు వెనక ప్యానెళ్లు చేస్తాం. 1960ల నాటి ఏసీ కోబ్రా 427 అనే స్పోర్ట్స్ కారుకి రెప్లికా (అచ్చు అలాంటి నకలు) చేయాలని ఉంది, బాడీ, చాసిస్ రెండూ ఇక్కడే. మన దగ్గర అమ్మాలా, నేరుగా ఎగుమతికి వెళ్లాలా? మోల్డ్ (అచ్చు) పని ఎక్కడ చెడుతుంది, డబ్బు ఎక్కడ మిగులుతుంది? ఈ లైన్ తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

రూల్‌బుక్:
మన దేశంలో అమ్మకం సంగతి ముందు పక్కన పెట్టండి. కొత్త మోడల్ ఏదైనా కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 126వ రూల్ ప్రకారం పుణె ఏఆర్ఏఐ, మానేసర్ ఐక్యాట్ లాంటి వాహన పరీక్షా సంస్థల దగ్గర టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కి ఆమోదం) పొందాలి. బీఎస్6, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు అన్నీ అందులోకి వస్తాయి. ఏడాదికి పది బండ్లు చేసే షాపు ఆ ఖర్చు మోయలేదు. పాత కారు ఆర్‌సీ మీద కొత్త బాడీ ఎక్కిద్దామన్నా కుదరదు. బండిని తయారీదారు చెప్పినదానికి భిన్నంగా మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు వస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గట్టిగా చెప్పింది.

మీరు చూడాల్సింది దక్షిణాఫ్రికా వాళ్ల పద్ధతి. కోబ్రా రెప్లికాలు చేసే కంపెనీల్లో సూపర్‌ఫార్మెన్స్ కార్లు పోర్ట్ ఎలిజబెత్‌లో, బ్యాక్‌డ్రాఫ్ట్ కార్లు డర్బన్‌లో తయారవుతాయి. ఇంజను, గేర్‌బాక్సు లేకుండా అమెరికా డీలరుకు పంపుతారు, అవి అక్కడ ఎక్కుతాయి. ఆ తర్వాత ఆయా రాష్ట్రాల నిబంధనల కింద రిజిస్ట్రేషన్. కాలిఫోర్నియాలో ఎస్‌బీ 100 అనే చట్టం కింద ఏడాదికి 500 బండ్లకే పొగ నిబంధనల్లో వెసులుబాటు.

అమెరికాలో రెప్లికాలకు వేరే చట్టం కూడా ఉంది: 2015లో వచ్చింది, 2022లో అమల్లోకి తెచ్చే నిబంధనలు ఖరారయ్యాయి. పూర్తి కారునే ఏడాదికి 325 వరకు అమ్మొచ్చు. కానీ ఆ డిజైను హక్కుదారు లైసెన్సు, ఆ ఏడాది కార్లకు సర్టిఫై అయిన ఇంజను ఉండాలి. కొత్తగా దిగేవాళ్లకు అది మొదటి మెట్టు కాదు.

ఏ దారిలో వెళ్లినా టైర్లు, అద్దాలు, లైట్లు, బ్రేక్ హోసులు, సీటు బెల్టులు అమెరికా ప్రమాణాలకు సరిపోయి, వాటికి ఉండాల్సిన గుర్తులు ఉండాల్సిందే. బ్రేక్ హోసులు లోకల్‌గా చుట్టించి పంపారంటే డీలరు వెనక్కి కొడతాడు.

జెల్‌కోట్:
అన్నా, మీ చేతిలో ఉన్న పనే ఇది, కానీ బస్సు ప్యానెల్‌కి ఉన్న వెసులుబాటు దీనికి ఉండదు. కారు నిగనిగలాడే పెయింటు మీద మిల్లీమీటరు అల కూడా కనిపిస్తుంది.

బాడీ మందం 3 మి.మీ. ఉంటే చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్ (గాజుపోగుల పరుపు) మూడు లేయర్లు. చదరపు మీటరుకు మ్యాట్ 1.35 కిలోలు, రెసిన్ (గట్టిపడే జిగురు) సుమారు 3 కిలోలు. మోల్డ్ దీనికి మూడింతలు, అంటే 9–10 మి.మీ. ఉండాలి. మోల్డ్ మందమంతా ఒకే రోజు వేస్తే వేడెక్కి ముడుచుకుంటుంది, ఆ వంకర ప్రతి బాడీలోనూ దిగుతుంది. రోజుకు ఒకటి రెండు లేయర్లే వేయండి. వెనక ఇనుప ఫ్రేమ్ పూర్తిగా గట్టిపడ్డాకే కట్టాలి, లేదంటే పైపు గీతలు పైకి తేలతాయి.

బాడీలో జెల్‌కోట్ (మోల్డ్‌లో ముందుగా వేసే పైపొర) తడిమీద 0.5–0.6 మి.మీ. పలచబడితే రెసిన్‌లోని స్టైరీన్ ద్రావకం దాన్ని తిని ముడతలు పడతాయి, ఎక్కువైతే పగుళ్లు. దాని వెనక మొదటి పొరగా 300 గ్రాముల మ్యాట్ వినైల్ ఎస్టర్ రెసిన్‌తో వేసి, గాలి బుడగలు రోలర్‌తో పూర్తిగా తీసి, ఆరనివ్వండి. పెయింటయ్యాక బుడగలు తేలే రోగం చాలావరకు అక్కడే ఆగుతుంది.

మే నెలలో రెసిన్ చేతిలోనే గడ్డకడుతోందని హార్డెనర్ ఒక శాతం కంటే తగ్గించకండి, పచ్చిగా మిగిలిపోతుంది. తెల్లవారుజామున పోయండి, లేదా కోబాల్ట్ (రెసిన్‌ను త్వరగా గట్టిపరిచే మందు) తక్కువున్న రెసిన్ తెప్పించండి. కుర్రాళ్లకు ఇది మరీ మరీ చెప్పండి: కోబాల్ట్, హార్డెనర్ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపకూడదు, పేలుతుంది.

కనీసం 24 గంటలు మోల్డ్‌లోనే ఉంచండి. తీశాక చాసిస్ మీదో జిగ్ (కదలకుండా పట్టే చట్రం) మీదో బిగించి 60–70 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉడకనివ్వాలి. అలా చేయకపోతే నీలం, నలుపు రంగు బండ్ల మీద మొదటి ఎండాకాలంలోనే మ్యాట్ పోగులు కనిపిస్తాయి.

ఆటోనగర్ ఫైబర్:
చాలా థ్యాంక్స్. మోల్డ్ కోసం ఎవరిదైనా రెప్లికా బాడీ కొని దాని మీద నుంచి తీసుకోవచ్చా?

జెల్‌కోట్:
వద్దు. వాళ్ల తప్పులన్నీ మీకొస్తాయి, పైగా గొడవ. స్కాన్ డేటాతో ఫోమ్‌ను సీఎన్‌సీలో (కంప్యూటర్ నడిపే యంత్రంలో) చెక్కించి ప్లగ్ (మోల్డ్ తీయడానికి నమూనా) చేయండి. వెనక భాగం కిందికి ముడుచుకుని ఉంటుంది కాబట్టి మోల్డ్ ముక్కలుగా, బోల్టు ఫ్లాంజిలతో (బోల్టులు బిగించే అంచులతో) రావాలి.

రోలింగ్ చాసిస్:
చాసిస్ సంగతి నేను చెప్తాను. వీల్‌బేస్ 90 అంగుళాలు (2,286 మి.మీ.), అసలు 427లో మెయిన్ పైపులు 4 అంగుళాలవి. వెల్డింగ్ ఒక పక్క నుంచి మొదలుపెట్టి చివరిదాకా పోకండి, కుడి ఎడమలు మార్చుకుంటూ చిన్న చిన్న ముక్కలుగా వేయండి. సస్పెన్షన్ బ్రాకెట్లు మెయిన్ ఫ్రేమ్ వెల్డింగ్ అంతా అయ్యాకే, జిగ్‌లో బోల్టు బిగించి ఉంచి అతికించండి.

సస్పెన్షన్, హబ్బులు అమెరికాలో ఏ పార్టుల షాపులోనైనా దొరికే ఫోర్డ్ మస్టాంగ్‌వి పెట్టండి. మసాచుసెట్స్‌లోని ఫ్యాక్టరీ ఫైవ్ (కార్లను విడిభాగాల కిట్‌గా అమ్మే కంపెనీ) 1995 నుంచి నిలబడటానికి అదొక పెద్ద కారణం. ఇంజను మౌంట్లు ఫోర్డ్ పాత 302, 351 సైజు ఇంజన్లకూ, కొత్త కయోటీ ఇంజనుకూ సరిపోయేలా చూడండి. కయోటీ హెడ్లు (ఇంజను పైభాగాలు) వెడల్పు, డ్రైవర్ కాళ్ల దగ్గరి పెట్టెను లోపలికి జరపాల్సి వస్తుంది. మోల్డ్ చేయకముందే ఖాళీ ఇంజను బ్లాకు ఒకటి ఫ్రేమ్‌లో దించి కొలతలు తీసుకోండి. పెడళ్లు, స్టీరింగ్ షాఫ్టు ఎడమ పక్కే, ఎగ్జాస్టు పైపుకు తగలకుండా.

ఇక డబ్బు. ఒట్టి ఫైబర్ బాడీ అమ్మితే మిగిలేది తక్కువ, ఆ ధరలో లేజర్ కటింగుతో గుట్టలుగా చేసే అమెరికా కంపెనీలతో పోటీ పడలేరు. కిట్ కొన్నవాళ్లకు నొప్పి పెట్టేది డోర్లు, బానెట్, డిక్కీ గ్యాపులు సరిచేసి పెయింటుకు సిద్ధం చేయడం. వంద గంటలు దాటే పని, అక్కడ గంట కూలీ చాలా ఎక్కువ. బాడీని చాసిస్ మీద బిగించి, గ్యాపులు 4 మి.మీ.కి సమానం చేసి, బ్లాక్ శాండింగ్ (చదును దిమ్మెతో సాన పట్టడం) అయి, ప్రైమర్‌తో పంపితే డీలరు దానికి డబ్బు పెడతాడు. మీ టింకరింగ్ వాళ్ల చేతిపనికి ధర పలికేది అక్కడే.

40 అడుగుల హైక్యూబ్ (ఎత్తు ఎక్కువుండే) కంటైనర్‌లో రెండంతస్తుల రాక్ కడితే నాలుగు బండ్లు సులువుగా పడతాయి. చాసిస్‌ని కట్టండి, బాడీని కాదు, లేకపోతే దారిలోనే నక్షత్రాల్లా పగుళ్లు పడతాయి. చెక్క వాడితే వేడి చేసినట్టు ఐఎస్‌పీఎం-15 ముద్ర ఉండాలి. ఇంజను లేని బండి ఏ కస్టమ్స్ కోడ్ కిందికి వస్తుందో, సుంకం ఎంతో ధర చెప్పకముందే అమెరికా బ్రోకరుతో రాయించుకోండి. ప్రొడక్ట్ లయబిలిటీ బీమా (బండి లోపంతో ఎవరికైనా నష్టం జరిగితే కట్టేది) కూడా ధరలోనే కలవాలి.

కోబ్రా, షెల్బీ (అసలు కోబ్రా చేయించిన అమెరికన్) పేర్లు గానీ పాము బ్యాడ్జీ గానీ బండి మీదా ప్రకటనలోనూ వద్దు. సూపర్‌ఫార్మెన్స్ షెల్బీ లైసెన్సుతో చేస్తోంది. ఆకారం మీద కూడా అమెరికా లాయరు అభిప్రాయం తీసుకోండి: ఫెరారీ కేసులో 1991లో అక్కడి అప్పీలు కోర్టు పేరు వాడకున్నా ఆకారం కాపీ చేయడాన్నే తప్పుపట్టింది. అందుకే ఫెరారీ జోలికి అసలు పోకండి.

మొదటి నాలుగు బండ్లు ఒకే డీలరుకు ఇవ్వండి. ఆర్డరుకు మూడో వంతు, చాసిస్ ఫొటోలకు మూడో వంతు, కంటైనర్ సీలు వేసేముందు మిగతాది. మోల్డ్ ఖర్చును కనీసం 20 బాడీల మీద పరిచి లెక్క వేయండి. ఆ 20కి ఆర్డర్లు ఎక్కడినుంచి వస్తాయో కాగితం మీద కనిపించేదాకా ప్లగ్‌కి ఫోమ్ కూడా కొనకండి.