ఇంగితజ్ఞానం అంటే లోకజ్ఞానమేనా?

నేటి వాడుకలో అంతే. ‘ఆ మాత్రం ఇంగితం లేదా?’ అన్నప్పుడు మనం తప్పుపడుతున్నది ఎదుటివారి మర్యాదనో తెలివినో. కానీ మూలార్థం వేరు. సంస్కృతంలో ‘ఇంగ్’ ధాతువుకు కదలడమని అర్థం; మనసులోని భావాన్ని బయటపెట్టే కదలికే ఇంగితం. హితోపదేశంలోని ‘ఉదీరితోఽర్థః పశునాపి గృహ్యతే’ అనే శ్లోకం, చెప్పిన మాటను పశువైనా గ్రహిస్తుందనీ, చెప్పనిదాన్ని కూడా ఊహించేవాడే పండితుడనీ చెప్పి, ‘పరేంగితజ్ఞానఫలా హి బుద్ధయః’ అని ముగుస్తుంది.

ఆ ముగింపుతోనే నాకు పేచీ. ఎదుటివారి ఇంగితం తెలియడం బుద్ధికి ఫలమైతే, బుద్ధి చెక్కుచెదరనివారిలో అది లోపించకూడదు. మెదడు దెబ్బతిన్నవారి విషయంలో అలా జరగడం లేదు. అరుదైన జన్యువ్యాధి వల్ల మెదడులో రెండు వైపులా అమిగ్డలా (భయం వంటి ఉద్వేగాలతో ముడిపడిన చిన్న భాగం) నశించిన ఒక అమెరికన్ మహిళ గురించి అయోవా పరిశోధకులు 1994లో ప్రకటించారు. తెలిసినవారి ముఖాలను ఆమె గుర్తుపట్టేది. ముఖంలో భయాన్ని మాత్రం పోల్చుకోలేకపోయేది. ఆమె తనంతట తాను ఎదుటివారి కళ్లవైపు చూడకపోవడమే దీనికి కారణమని 2005లో తేలింది. కళ్లను చూడమని చెప్పినంతసేపూ ఆమె భయాన్ని మామూలుగానే గుర్తించింది, చెప్పడం మానగానే లోపం తిరిగి వచ్చింది. అంటే పోయింది జ్ఞానం కాదు, ఇంగితం ఉన్న చోటికి చూపు వెళ్లడం. (ఇంత సున్నితమైన భేదం శ్లోకకర్తకు తెలిసే వీలు లేదు, ఆయనను నిందించలేం.)

మెదడు కుడి భాగం పక్షవాతం వల్ల దెబ్బతిన్నవారిలో కొందరికి మాటల అర్థం పూర్తిగా తెలిసినా, ‘బాగానే చేశావులే’ అన్నదాంట్లో మెచ్చుకోలు ఉందో ఎత్తిపొడుపు ఉందో తెలియదు. నుదుటి వెనుక భాగం దెబ్బతిన్నవారిలో మరో చిక్కు కనిపించవచ్చు: అడిగితే, ఎదుటివారు ఏడుస్తున్నారని సరిగ్గానే చెబుతారు గాని, ఓదార్చడానికి ముందుకు రారు. రోడ్డు ప్రమాదంలో తలకు గాయమై, మాటా జ్ఞాపకమూ బాగానే ఉండి ఇంటికి వచ్చిన మనిషిలో ఇలాంటి మార్పును చూసినప్పుడు ఇంటివారు దాన్ని పొగరుగానో ప్రేమ లేకపోవడంగానో అర్థం చేసుకోవడం సహజమే, ఎందుకంటే పైకి గాయం కనిపించదు.

ఈ లోపాన్ని వైద్య సందర్భంలో తెలుగులో చెప్పవలసి వస్తే, తిట్టుగా మారిన ‘ఇంగితం’ అన్న పొట్టిరూపాన్ని వదిలి ‘పరేంగితజ్ఞానం’ అన్న పూర్తిరూపాన్నే వాడడం మేలని నా అభిప్రాయం. అయితే ఆ మాట ఎదుటివారి భావాన్ని గుర్తించడానికి మాత్రమే సరిపోతుంది; గుర్తించి కూడా స్పందించలేకపోవడానికి వేరే మాట కావాలి.