వించ్ తాడును వదులుతోంది, చుట్టడం మాత్రం లేదు

చెరువుగట్టు (ప్రశ్న):
నా జీపు ముందు బంపరుకు 12 వోల్టుల ఎలక్ట్రిక్ వించ్ (డ్రమ్ము మీద తాడు చుట్టుతూ బరువును లాగే యంత్రం) బిగించి ఉంది. దాని సామర్థ్యం సుమారు 4,300 కిలోలు. ఉక్కు తాడు, తీగతో ఉన్న రిమోట్. కోతల సమయంలో వాన పడి, పొలం బాటలో ఇరుసు దాకా దిగబడిన ధాన్యం ట్రాలీని లాగుతుండగా, సగం దూరం వచ్చాక వించ్ ఆగిపోయింది. అప్పటి నుంచి చుట్టే బటన్ నొక్కితే కంట్రోల్ బాక్సులో టక్కుమని శబ్దం వస్తుంది కానీ డ్రమ్ము కదలదు. వదిలే బటన్ నొక్కితే మాత్రం మామూలుగానే తిరుగుతుంది. బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది. తెలిసిన మెకానిక్ మోటారు కాలిపోయిందని, కొత్తది వేయాల్సిందేనని అంటున్నారు. అంత ఖర్చు పెట్టే ముందు నేను ఏమేమి పరీక్షించవచ్చో చెప్పగలరా?

వైరింగ్ మేస్త్రి:
ఒక వైపు సవ్యంగా తిరుగుతున్న మోటారును కాలిపోయిందని అనుకోవడానికి ఆధారం లేదు. ఈ రకం వించ్‌లలో ఎక్కువగా వాడే సిరీస్ మోటారులో ఆర్మేచర్ (తిరిగే భాగం), దానికి కరెంటు అందించే బ్రష్‌లు, ఫీల్డ్ కాయిల్ (చుట్టూ కదలకుండా ఉండి అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట), బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగ, బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్ళే ఎర్త్ తీగ ఇవన్నీ రెండు దిశలకూ ఉమ్మడివే. దిశ మారినప్పుడు ఫీల్డ్ కాయిల్‌లో కరెంటు ప్రవహించే వైపు మాత్రమే మారుతుంది, ఆ మార్పు చేసేది కంట్రోల్ బాక్సులోని కాంటాక్టర్, అంటే బటన్ నొక్కినప్పుడు లోపలి రాగి ముఖాలను (కాంటాక్టులను) కలిపి మోటారుకు కరెంటు పంపే పెద్ద స్విచ్. కాబట్టి వదిలేటప్పుడు పనిచేస్తూ చుట్టేటప్పుడు పనిచేయకపోతే, ముందుగా అనుమానించవలసింది కాంటాక్టర్‌లో చుట్టే వైపు ఉన్న కాంటాక్టులను, ఆ తర్వాత వాటికి బిగించిన నట్లను.

టక్కుమని వినిపించినంత మాత్రాన కాంటాక్టర్ బాగున్నట్టు కాదు. ఆ శబ్దం కాంటాక్టర్‌ను కదిలించే దాని సొంత కాయిల్‌కు రిమోట్ నుంచి కరెంటు అందుతోందని మాత్రమే చెబుతుంది. లోపలి రాగి ముఖాలు నల్లగా మాడిపోయి ఉంటే అవి తాకినా కరెంటు దాటదు.

కొండదారి:
పై సమాధానంతో నాకు పేచీ లేదు గానీ, బాక్సు విప్పే ముందు యాంత్రికమైన అడ్డంకి లేదని తేల్చుకోవడం మంచిది. బరువు మీద చుట్టినప్పుడు పై చుట్టు కింది చుట్ల మధ్యకు దిగి బిగుసుకుపోవడం, కొక్కెం రోలర్లకు తగులుకోవడం, క్లచ్ లివర్ (డ్రమ్మును మోటారు నుంచి విడదీసే మీట) సగంలో నిలిచిపోవడం నేను చాలాసార్లు చూశాను. తేడా తెలుసుకోవడానికి మీటరు కూడా అవసరం లేదు. హెడ్‌లైట్లు వేసి చుట్టే బటన్‌ను ఒక్క క్షణం నొక్కండి. లైట్లు బాగా మసకబారి మోటారు మూలిగితే, కరెంటు వెళుతోంది కానీ ఏదో అడ్డుకుంటోందని అర్థం. వెంటనే బటన్ వదిలేయండి, ఆగిన మోటారుకు కరెంటు ఇస్తూ ఉంటే అది నిజంగానే కాలిపోతుంది. లైట్లు చెక్కుచెదరకుండా వెలిగితే దారి ఎక్కడో తెగినట్టే.

చెరువుగట్టు:
లైట్లలో ఏ మార్పూ లేదు. క్లచ్‌ను ఫ్రీ స్థానంలో పెట్టి నొక్కినా మోటారులో చలనం లేదు. ఇప్పుడు మీటరుతో ఎక్కడెక్కడ పట్టి చూడాలి?

వైరింగ్ మేస్త్రి:
అలాగైతే కొండదారి గారి అనుమానం తీరినట్టే. క్లచ్ ఫ్రీలోనే ఉంచి బాక్సు మూత తీయండి. మీటరు ఎర్ర ప్రోబును బ్యాటరీ ప్లస్ వచ్చే నట్టుపైన, నల్ల ప్రోబును మోటారుకు వెళ్ళే ఎఫ్1, ఎఫ్2 తీగల (ఫీల్డ్ కాయిల్ రెండు కొసలవి) నట్లపైన ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, ఒకరి చేత రెండు బటన్లూ విడివిడిగా నొక్కించండి. కాంటాక్టు బాగుంటే దాని మీదుగా వోల్టేజీ దాదాపు సున్నా రావాలి. అక్కడే 12 వోల్టులు నిలిచిపోతే ఆ కాంటాక్టు మూసుకోవడం లేదు. వదిలే బటన్‌తో ఒక నట్టు దగ్గర సున్నాకు దగ్గరగా వస్తుంది, చుట్టే బటన్‌తో రెండో నట్టు దగ్గర కూడా అలాగే రావాలి. రెంచీ ప్లస్ నట్టుకూ బంపరుకూ ఒకేసారి తగలకుండా జాగ్రత్త. వాచీ, ఉంగరం తీసేయండి.

చెరువుగట్టు:
మీరన్నట్టే ఉంది. వదిలే వైపు 0.1 వోల్టు, చుట్టే వైపు పూర్తిగా 12.4. బాక్సు అడుగున తుప్పు రంగు నీరు కూడా నిలిచి ఉంది. కాంటాక్టర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

వైరింగ్ మేస్త్రి:
మార్చండి, కానీ అది ఎందుకు మాడిందో చూడకుండా మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. ఈ పరిమాణం వించ్ పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల వరకు లాగుతుంది. ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగింది అందులో కొంత భాగమే, మిగతాది బ్యాటరీయే భరించాలి. ఇంజిన్ ఆపి లాగినా, ఎర్త్ బలహీనంగా ఉన్నా వోల్టేజీ పడిపోతుంది, కాంటాక్టర్ కాయిల్ పట్టు సడలుతుంది, కాంటాక్టులు కొట్టుకుంటూ నిప్పురవ్వలతో కాలుతాయి. చాలామంది ఎర్త్ తీగను రంగు వేసిన బంపరుకే బిగించి ఊరుకుంటారు. దాన్ని ప్లస్ తీగ అంత లావుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కు తీసుకువెళ్ళండి. బాక్సు అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రం ఉందో లేదో కూడా చూడండి, మట్టి పేరుకుని మూసుకుపోవడం మామూలే.

కొండదారి:
కొత్త కాంటాక్టర్ వచ్చేలోగా అత్యవసరమైతే ఒక ఉపాయం ఉంది. బ్యాటరీ తీగ తీసేసి, మోటారు దగ్గర ఎఫ్1, ఎఫ్2 తీగలను ఒకదాని స్థానంలో ఒకటి బిగించండి. అప్పుడు బాగున్న కాంటాక్టే చుట్టే పని చేస్తుంది, వదలడానికి క్లచ్ ఫ్రీ చేసి చేత్తో లాగుకోవచ్చు. రిమోట్ బటన్లు తారుమారవుతాయి కనుక దానిపై టేపు అంటించి రాసుకోండి. ఇది ఫీల్డ్ కాయిల్ ఉన్న మూడు టెర్మినళ్ళ మోటారుకు చెప్పిన మాట. రెండే టెర్మినళ్ళు ఉంటే అది అయస్కాంతాల మోటారు, అక్కడ బ్రష్‌లకు వెళ్ళే ఆ రెండు తీగలనే మార్చాలి.

ఇంకొకటి: మాడిన కాంటాక్టు ఈసారి తాకక ఆగిపోయింది, మరోసారి అతుక్కుపోవచ్చు. అప్పుడు బటన్ వదిలినా వించ్ చుడుతూనే ఉంటుంది. ప్లస్ తీగ మీద, డ్రైవర్ చేతికి అందేచోట, ఆ కరెంటుకు తట్టుకునే కటాఫ్ స్విచ్ లేకపోతే కాంటాక్టర్‌తోపాటు అదీ కొనండి.