టెక్సస్‌లో పర్మిట్ లేకుండా తుపాకీ, సొంత స్థలంలో కాల్పులు: హద్దు ఎక్కడ పెట్టాలి?

కృష్ణ ఒడ్డు

మాది డాలస్‌కి ఉత్తరాన కొత్తగా లేచిన సబ్‌డివిజన్. ఇంకా ఏ సిటీలోనూ కలవలేదు, కౌంటీ (జిల్లా లాంటిది) కిందే ఉంది. వెనక కంచె దాటితే మూడు నాలుగు ఎకరాల పాత స్థలం, అందులో ఒక కుటుంబం ఉంటుంది. శని ఆదివారాలు మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా అక్కడ రైఫిల్ మోగుతూనే ఉంటుంది. చప్పుడుకైతే అలవాటు పడొచ్చు. నాకు భయమంతా వాళ్ళు గురిపెట్టే చోటు గురించి. రెండు గుండ్రటి గడ్డి మోపులు, వాటికి ఆనించిన ఇనప పలక, అంతే. తూటాని ఆపే మట్టికట్ట లేదు. ఆ మోపుల వెనక కాస్త ఎడంగా మా వీధి చివరి ఇళ్ళు, పిల్లలు సైకిళ్ళు తొక్కే మలుపు. కౌంటీ పోలీసు, అదే షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే డిప్యూటీ వచ్చి మర్యాదగానే మాట్లాడాడు. వాళ్ళ స్థలంలో వాళ్ళు కాలుస్తున్నారు, మేం చేయగలిగింది లేదు అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ఇంటాయన నడుముకి ఎప్పుడూ పిస్టల్ ఉంటుంది. దానికి లైసెన్సు అక్కర్లేదు. 2021 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడ 21 ఏళ్ళు నిండి, చట్టం నిషేధించని వాళ్ళెవరైనా హోల్‌స్టర్‌లో పెట్టుకుని పైకి కనబడేలానో చొక్కా కిందో తిరగొచ్చు. అంతకు ముందు లైసెన్సు కావాలి, దానికి నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, రాతపరీక్ష, 3, 7, 15 గజాల దూరం నుంచి మొత్తం 50 తూటాలు కాల్చి చూపించడం ఉండేవి. ఇప్పుడూ కావలసినవాళ్ళు ఆ లైసెన్సు తీసుకోవచ్చు, తప్పనిసరి మాత్రం కాదు.

తుపాకీ ఉండటం మీద నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం ఆ క్లాసుని తీసేయడం మీద. వీధిలో తిరిగేటప్పుడైనా, సొంత స్థలంలో కాల్చేటప్పుడైనా, తూటా ఎక్కడికి పోతుందో తెలిసినవాడి చేతిలోనే తుపాకీ ఉండాలని పక్కవాళ్ళు అడగడం తప్పా? మీరేమంటారు?

హనుమకొండ అన్న

అమ్మా, మీ భయం నాకు అర్థమవుతోంది. కానీ నా వైపు నుంచి కూడా చూడండి. నాది గ్యాస్ స్టేషన్. రాత్రి రెండింటికి గల్లా పెట్టె ముందు నిలబడేది నేనే. ముసుగేసుకుని లోపలికొచ్చేటోడు ఏ క్లాసుకీ పోడు, ఏ పరీక్షా రాయడు. నియమాలన్నీ నాలాంటోడికే. లైసెన్సు ఫీజు ఒకప్పుడు 140 డాలర్లు, 2017లో 40కి తగ్గించారు, మంచిదే. కానీ వారమంతా కౌంటర్ కాడ ఉండేటోడికి ఫీజు కంటే ఒక పూట సెలవే ఖరీదు.

1991లో కిలీన్ అనే ఊర్లో లూబీస్ హోటల్లోకి ఒకడు ట్రక్కుతో ముందు అద్దాలు పగలగొట్టుకుని వచ్చి 23 మందిని చంపిండు. సుజానా హప్ అనే ఆవిడ కళ్ళ ముందే అమ్మానాన్న ఇద్దరూ పోయిండ్రు. ఆవిడ దగ్గర రివాల్వర్ ఉంది, కానీ అప్పటి చట్టానికి భయపడి కార్లో వదిలి లోపలికొచ్చింది. ఆ బాధతోనే ఆవిడ ఊరూరా తిరిగి మాట్లాడింది, 1995లో లైసెన్సు తీసుకుంటే తుపాకీ దాచుకుని తిరగొచ్చనే చట్టం వచ్చింది. అది మొదటి మెట్టు, 2021ది రెండో మెట్టు. హక్కు అన్నాక దానికి ముందు గవర్నమెంటు దగ్గర పరీక్ష పాసవ్వాలంటే అది హక్కెట్లయితది?

కృష్ణ ఒడ్డు

అన్నా, మీ షాపులో మీరు తుపాకీ పెట్టుకోవడానికి 2021కి ముందు కూడా లైసెన్సు అక్కర్లేదు. సొంత ఇల్లు, సొంత వ్యాపార స్థలం ఎప్పుడూ మినహాయింపే. సొంత కార్లో పెట్టుకోవడానికి 2007 నుంచి అనుమతి ఉంది. అంటే గల్లా పెట్టె దగ్గర మీకున్న రక్షణ 2021 చట్టం ఇచ్చింది కాదు. అది కొత్తగా ఇచ్చింది వీధి, బజారు, పార్కింగ్ లాట్. అక్కడ మీ చుట్టూ ఉండేది దొంగలు కాదు, నాలాంటి వాళ్ళు, మా పిల్లలు.

హప్ గారి కథ నన్నూ కదిలించింది. అయితే ఆవిడ పోరాటంతో వచ్చిన 1995 చట్టంలోనే క్లాసు ఉంది కదా. క్లాసుతో కూడిన హక్కునే పాతికేళ్ళు టెక్సస్ అనుభవించింది.

ఇంకో సంఘటన చెప్తాను. 2019 డిసెంబరు 29న ఫోర్ట్ వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో ఒకడు షాట్‌గన్ తీసి ఇద్దరిని చంపాడు. మొదటి గుండు పేలిన ఆరు సెకన్లలోనే జాక్ విల్సన్ అనే ఆయన ఒక్క తూటాతో వాణ్ణి పడగొట్టాడు. తుపాకీ వాదులందరూ ఆ వీడియో చూపిస్తారు, చూపించాలి కూడా. కానీ విల్సన్ ఒకప్పుడు రిజర్వ్ డిప్యూటీ (షెరీఫ్ కింద సాయంగా పనిచేసే అధికారి), జనానికి తుపాకీ కాల్చడం నేర్పే శిక్షకుడు, ఆ చర్చి భద్రతా బృందానికి పెద్ద. బెంచీల మధ్య జనం లేచి పరుగెత్తుతుంటే ఎవరికీ తగలకుండా కాల్చాడంటే వెనక ఏళ్ళ సాధన ఉంది. ఆయన పేరు చెప్పి శిక్షణ అక్కర్లేదనడం ఎలా కుదురుతుంది?

హెచ్‌వన్ క్యూలో

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నా టీమ్‌లో అమెరికన్ ఫ్రెండ్ వాళ్ళ రాంచ్‌కి రమ్మంటున్నాడు, సరదాగా కాల్చుకుందాం అని. సొంత స్థలం కాబట్టి నేను కాలిస్తే ఇబ్బంది లేదు కదా? పర్మిట్ కూడా ఎత్తేశారుగా?

నల్లమల

తమ్ముడూ, ముట్టుకోకు. పర్మిట్ ఎత్తేసింది టెక్సస్, నీకు వర్తించేది ఫెడరల్ చట్టం. హెచ్‌వన్, ఎఫ్‌వన్ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ కానీ తూటా కానీ ఉండకూడదు. కొనడం ఒక్కటే కాదు, కాసేపు చేతిలో పట్టుకున్నా "దగ్గర ఉండటమే". 2022లో శిక్ష గరిష్ఠంగా 15 ఏళ్ళకి పెంచారు. ఆ పైన దేశం నుంచి పంపేయడం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది, దాన్ని నమ్ముకునే ముందు ఇమిగ్రేషన్ లాయరుని అడుగు. గ్రీన్ కార్డు వస్తే లెక్క వేరు.

ఈ వేదికలో చాలామంది మర్చిపోయేది ఇదే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ ఓలేత బార్‌లో మన తెలుగు ఇంజినీరుని కాల్చి చంపినప్పుడు "చేతిలో తుపాకీ ఉంటే బతికేవాడు" అని చాలామంది అన్నారు. కాన్సస్ 2015లోనే పర్మిట్ ఎత్తేసిన రాష్ట్రం. కానీ ఆయన హెచ్‌వన్ మీద ఉన్నాడు. ఆ చట్టం ఆయనకి ఇచ్చింది ఏమీ లేదు, ఎదుటివాడికే ఇచ్చింది. మనలో సగం మంది పరిస్థితి ఈ రోజుకీ అదే.

నా సంగతి చెప్తాను. నేను సిటిజెన్‌ని, లైసెన్సు ఉంది, నెలకోసారి కాల్పులు సాధన చేసే రేంజ్‌కి వెళ్తాను. పర్మిట్ అక్కర్లేదన్నాక కూడా లైసెన్సు ఎందుకు తీసుకున్నానంటే, బడికి 1000 అడుగుల లోపు తుపాకీ పట్టుకెళ్ళకూడదని ఫెడరల్ చట్టం ఉంది. రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాడికి మినహాయింపు. లైసెన్సు లేకుండా నడుముకి పెట్టుకుని పిల్లాణ్ణి బడి దగ్గర దించేవాడు టెక్సస్ లెక్కలో నేరం చేయనట్టే, ఫెడరల్ లెక్కలో చేసినట్టే. మన కొత్త సబ్‌డివిజన్ల నడుమ బడి లేని చోటు చూపించండి. ఈ ముక్క ఆ క్లాసులోనే చెప్పారు. క్లాసు లేనివాడికి ఎవరు చెప్తారు?

గుడి కమిటీల్లో ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. 2019 నుంచి బోర్డు పెడితే తప్ప ప్రార్థనా స్థలాల్లోకి తుపాకీ తేవచ్చు. బోర్డు ఇంగ్లీషు, స్పానిష్ రెండింటిలో, అంగుళం ఎత్తు అక్షరాలతో ఉండాలి. లైసెన్సు లేనివాళ్ళకి ఒకటి, లైసెన్సు ఉండి దాచుకు వచ్చేవాళ్ళకి ఒకటి, పైకి పెట్టుకు వచ్చేవాళ్ళకి ఇంకొకటి. గుమ్మం దగ్గర తుపాకీ బొమ్మ మీద ఎర్రగీత కొట్టి ఊరుకుంటే సరిపోతుందని అనుకోవద్దు.

ఇక కృష్ణ ఒడ్డు గారి కంచె సంగతి. లక్ష జనాభా దాటిన సిటీ లోపల నిర్లక్ష్యంగా తుపాకీ పేలిస్తే నేరం. మీరు సిటీలో లేరు. సిటీలో కొత్తగా కలుపుకున్న ప్రాంతాల్లో కూడా 50 ఎకరాల పైబడిన స్థలంలో, పక్కవాళ్ళ ఇంటికి 300 అడుగుల అవతల రైఫిల్ కాలిస్తే ఆపే అధికారం సిటీకి లేదు. షాట్‌గన్‌కైతే 10 ఎకరాలు, 150 అడుగులు. కానీ మీ కేసులో పనికొచ్చేది ఇంకొకటి ఉంది. సిటీల బయట సబ్‌డివిజన్లలో 10 ఎకరాలు, అంతకు లోపు లాట్లలో కాల్పుల్ని నియంత్రించే అధికారం, పూర్తిగా ఆపే అధికారం కౌంటీ కమిషనర్స్ కోర్టుకి (పేరుకి కోర్టు, నిజానికి కౌంటీ పాలక మండలి) చట్టమే ఇచ్చింది. వాళ్ళు ఆర్డర్ వేయాలి, అడగనిదే వేయరు. వాళ్ళ స్థలం ఏ సబ్‌డివిజన్ ప్లాట్‌లో ఉందో ముందు కౌంటీ రికార్డుల్లో చూడండి.

తూటా వాళ్ళ హద్దు దాటితే, సరదా కాల్పులైనా వేటైనా, అది వేరే నేరం. ఇళ్ళ వైపు గురిపెట్టి కాలిస్తే ఇంకా పెద్ద నేరం. ఫోటోలు తీసి పెట్టుకోండి. పాయింట్ టూటూ (.22) అనే చిన్న తూటా రైఫిల్ అంటే పిల్లల తుపాకీ అనుకుంటారు, దాని తూటాల పెట్టె మీదే మైలున్నర పోతుందని హెచ్చరిక రాస్తారు. గడ్డి మోపు ఆపేది బాణాన్ని, తూటాని కాదు.

హనుమకొండ అన్న

నల్లమల గారు చెప్పిన బడి సంగతి నాకు తెలియదు, మంచిగ చెప్పిండ్రు. కానీ ఒక మాట. ఆ ముసలోళ్ళు అక్కడ ముప్పయ్యేళ్ళ నుంచి ఉండుంటరు. మనం మొన్న వచ్చి వాళ్ళ పొలాల మధ్య ఇళ్ళు కట్టుకుని, మీరు కాల్చొద్దు అంటే వాళ్ళకెట్లుంటది? కాల్చేటోళ్ళంతా చెడ్డోళ్ళని రాసుకోవద్దు.

కృష్ణ ఒడ్డు

వాళ్ళు చెడ్డవాళ్ళని నేననలేదు అన్నా. మేం ఇంట్లో దిగిన రోజున ఆ ఇంటావిడ పీచ్ పళ్ళతో పై అనే తీపి వంటకం చేసి తెచ్చింది. అందుకే ముందు వెళ్ళి అడుగుదామనుకున్నాను. ఎందుకు ఆగానో చెప్తాను. 2023 ఏప్రిల్ 28 రాత్రి హ్యూస్టన్‌కి పైన క్లీవ్‌లాండ్ దగ్గర ఒకడు తన పెరట్లో రైఫిల్ పేలుస్తుంటే, పసిబిడ్డ నిద్రపోతోంది, కాస్త అవతలికి వెళ్ళి కాల్చుకో అని పక్కింటివాళ్ళు అడిగారు. వాడు ఆ ఇంట్లోకొచ్చి అయిదుగురిని చంపాడు, అందులో తొమ్మిదేళ్ళ పిల్లాడు. వాడి దగ్గర తుపాకీ ఉండటమే నేరం, ఈ దేశం నుంచి అంతకు ముందు నాలుగుసార్లు పంపేసిన మనిషి. పర్మిట్ చట్టం ఉన్నా ఆగేవాడు కాదని మీరంటారు, ఒప్పుకుంటాను. కానీ అది చిన్న లాట్ల ప్రాంతం. పెరట్లో తుపాకీ మోతలు అక్కడ మామూలే. మామూలు కాబట్టి రాత్రి పదకొండు దాటాక రైఫిల్ మోగినా జనం వెళ్ళి బతిమాలుకోవాల్సి వచ్చింది. బతిమాలే పని పక్కింటివాళ్ళకి వదిలేయకూడదు. నియమం ఒకటి ఉంటే నేను ఆ గుమ్మం ఎక్కి గొడవ పడక్కర్లేదు, ఆయనా చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ముప్పయ్యేళ్ళ నుంచి ఉన్నవాళ్ళ మాట కూడా నిజమే. అందుకే కాల్చడం మానమని అడగను. మనిషెత్తు మట్టికట్ట వేయమని, ఇళ్ళున్న దిక్కుకి కాకుండా వేరే వైపు కాల్చమని అడుగుతాను. మట్టి ఖర్చు మా వీధి వాళ్ళం పంచుకుంటాం. ఆయన కాదంటే కమిషనర్స్ కోర్టులో అర్జీ పెడతాను. సంతకాలు కావాలి.

హనుమకొండ అన్న

పదెకరాల లోపు లాట్ల సంగతి అయితే నేనూ పెడతా సంతకం, మా వీధిలో నలుగురితో పెట్టిస్తా. పర్మిట్ మళ్ళీ తెమ్మని రాస్తే మాత్రం పెట్టను, ఆ మాట ముందే చెప్తున్న.

కృష్ణ ఒడ్డు

రెండూ ఒకే కాగితం మీద పెట్టను అన్నా. కాల్పుల అర్జీ కౌంటీకి. క్లాసు సంగతి ఆస్టిన్‌లో, రాష్ట్ర శాసనసభలో తేలాల్సింది, దాని మీద మీతో వాదన మానను. నల్లమల గారూ, ఆర్డర్ ముసాయిదా ఎలా ఉండాలో మీకు తెలిస్తే ఇక్కడే పెట్టండి, ఆదివారం లోపు ఇంటింటికీ తిరుగుతాను.