మానాల్సింది పొద్దుటి టిఫినా, రాత్రి తిండా? అసలు ఉపవాసం ఒంటికి మంచిదేనా?

గచ్చిబౌలి సెకండ్‌షిఫ్ట్:
మా టీమ్‌లో సగం మంది పొద్దున టిఫిన్ మానేశారు. మధ్యాహ్నం 1 గంటకు మొదటి ముద్ద, రాత్రి 9 గంటలకు ఆఖరి ముద్ద. మిగతా 16 గంటలు మంచినీళ్ళు, పాలూ చక్కెరా లేని కాఫీ. కొన్ని నెలలుగా నేనూ అంతే. ప్యాంటు నడుం దగ్గర వదులైంది, మీటింగుల్లో కునుకు రావడం లేదు. ఇంట్లో మాత్రం రోజూ గొడవే. "పొద్దున్నే కడుపు మాడ్చుకుంటే అల్సర్ వస్తుందిరా" అంటుంది అమ్మ. ఆవిడ మాత్రం శనివారం ఒక్కపొద్దు, కార్తీక సోమవారాలు నక్షత్రం కనిపించేదాకా పచ్చి గంగ ముట్టదు. ఆవిడది భక్తి, నాది పిచ్చి! ఆఫీసులో ఒకాయన ఉపవాసానికి నోబెల్ బహుమతే వచ్చిందంటాడు. ఇంకొకాయన ఇలా తినేవాళ్ళకి గుండెజబ్బులు ఎక్కువని చదివానంటాడు. పుణ్యం సంగతి పక్కన పెట్టి ఒంటి సంగతి చెప్పండి. పూట మానేస్తే మంచిదా, చెడ్డదా?

తార్నాక పోపుడబ్బా:
బాబూ, మా ఇంట్లో ఒక్కపొద్దు ఎలా ఉంటుందో చెప్తాను. రాత్రికి ఏమీ ఉండదు కదా అని మధ్యాహ్నం ఇంకో రెండు గరిటెల అన్నం ఎక్కువ. పప్పు, నెయ్యి, అప్పడాలు, గడ్డపెరుగు. రాత్రి ఆ "ఏమీ ఉండదు" అనేది నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ, రెండు అరటిపళ్ళు, గ్లాసెడు పాలు. అన్నం ముట్టలేదు కాబట్టి ఉపవాసమే. మా ఆడపడుచు ఏకాదశికి సగ్గుబియ్యం కిచిడీ చేస్తుంది. మూకుడు నిండా నెయ్యి, పల్లీలు, ఆలుగడ్డ ముక్కలు. సగ్గుబియ్యం అంటే కర్రపెండలం పిండే కదా, పీచు లేదు, మాంసకృత్తులు లేవు. ఆవిడకి షుగర్. మర్నాడు పొద్దున మీటరు చూసుకుని "ఉపవాసం ఉన్నా పెరిగిందేంటి వదినా" అని నాకే ఫోను. కాబట్టి మీ అమ్మగారిదీ మీదీ ఒకే గాటన కట్టకండి. ఆవిడ పూట మానడం లేదు, వంటకం మారుస్తోంది.

ఈస్ట్ మాస్టారు:
డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను కాబట్టి ఆ నోబెల్ సంగతి ముందు తేల్చేస్తా. 2016లో వైద్యశాస్త్రంలో బహుమతి జపాన్‌కు చెందిన యోషినోరి ఓసుమికి వచ్చింది. ఉపవాసానికి కాదు, ఆటోఫజీకి. కణం తనలో పాడైన భాగాలను సంచిలో కట్టి, కరిగించి, మళ్ళీ వాడుకునే ఏర్పాటు అది. ఆయన పనిచేసింది ఈస్ట్ మీద. కరిగించే ఎంజైములు లేని ఈస్ట్ కణాలకు పోషకాలు ఆపేస్తే కొన్ని గంటల్లోనే ఆ సంచులు లోపల కుప్పపడి మైక్రోస్కోపులో కనిపించాయి. ఆ తర్వాత ఆ పని నడిపే జన్యువులను పట్టుకున్నారు. గొప్ప పని, సందేహం లేదు. కానీ ఇడ్లీ మానేసి 16 గంటలు ఉన్న మనిషి కాలేయంలో ఇది ఎంత పెరుగుతుందో కొలవడం ఇప్పటికీ చాలా కష్టం. "16 గంటలకు ఆటోఫజీ ఆన్ అవుతుంది" అని వీడియోల్లో స్విచ్ వేసినట్టు చెప్తారే, అలాంటి గడియారం ఏదీ లేదు.

అల్సర్‌కి కూడా నోబెల్ ఉంది లెండి, 2005లో. ఎక్కువ అల్సర్లకు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా అని కనిపెట్టినందుకు. నొప్పి మాత్రలు విచ్చలవిడిగా వాడడం ఇంకో పెద్ద కారణం. ఖాళీ కడుపుతో మంట పెరగొచ్చు, ముఖ్యంగా దాంట్లో బ్లాక్ కాఫీ పోస్తే. కానీ టిఫిన్ మానడం వల్లే పుండు పడదు.

ఉప్పల్ ఉపవాసి:
మాస్టారూ, ఈస్ట్ సంగతి ఈస్ట్‌కి వదిలేద్దాం. నా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ లెక్క, 6.3 నుంచి 5.7కి దిగింది. మందు లేదు, జిమ్ లేదు, టిఫిన్ మానేశానంతే. మనవాళ్ళ దినచర్య చూడండి. లేవగానే చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. 9కి ఇడ్లీ, వడ. 11కి మళ్ళీ చాయ్, సమోసా. 1:30కి అన్నం. 5కి మిర్చి బజ్జీ. రాత్రి 10:30కి మళ్ళీ అన్నం, ఆ పైన సీరియల్ చూస్తూ మిక్చర్. తిన్న ప్రతిసారీ ఇన్సులిన్ లేస్తుంది. దానికి విరామం ఎక్కడ? 12 గంటలు దాటాక కాలేయంలో దాచిన చక్కెర తగ్గుతూ వస్తుంది, అప్పుడు ఒళ్ళు కొవ్వు మీద ఎక్కువ ఆధారపడుతుంది. 2012లో అమెరికాలో సాల్క్ సంస్థలో సచ్చిదానంద పాండా బృందం ఎలుకలతో చూసింది. ఒకే కొవ్వు మేత, ఒకే క్యాలరీలు. రోజంతా మేసినవి లావెక్కాయి, 8 గంటల్లో మేసినవి ఎక్కలేదు. లంఖణం పరమౌషధం అని మన పెద్దలు ఊరికే అన్నారా?

ఈస్ట్ మాస్టారు:
పెద్దలు అన్నది జ్వరం వచ్చినప్పుడు, అజీర్తి చేసినప్పుడు. ఏడాది పొడుగునా అనలేదు.

ఎలుక రాత్రి తిరిగే జంతువు, పైగా చిన్న ప్రాణం. ఒక్కరోజు మేత లేకపోతేనే దాని బరువు బాగా పడిపోతుంది. మనుషుల మీద ఏం తేలిందో చూడండి. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు 116 మందితో 12 వారాలు నడిపారు. ఒక జట్టు దాదాపు మన గచ్చిబౌలి తమ్ముడిలా మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకానే తింది, ఇంకో జట్టు మూడు పూటలా తింది. బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొందరికి స్కాన్ తీస్తే తగ్గిన బరువులో కొవ్వు కన్నా కండే ఎక్కువ పోయింది. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది ఊబకాయులతో ఏడాదిపాటు చేశారు. రెండు జట్లకూ తగ్గించిన క్యాలరీలే, ఒక జట్టుకి మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలన్న నియమం. వాళ్ళు సగటున 8 కిలోలు తగ్గారు, నియమం లేనివాళ్ళు 6.3. గణాంకాల లెక్కలో అది తేడా కిందకి రాలేదు. అంటే పనిచేసింది తక్కువ తినడం. మీరు టిఫిన్‌తో పాటు ఆ ఇడ్లీ వడ, 11 గంటల సమోసా కూడా మానేశారు కదా, ఘనత గడియారానికి ఎందుకు ఇస్తున్నారు?

ఆ గుండెజబ్బు వార్త కూడా అలాంటిదే. 2024 మార్చిలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సమావేశంలో చదివారు. 8 గంటల్లోపే తినేవాళ్ళలో గుండె సంబంధమైన మరణాల ముప్పు 91 శాతం ఎక్కువని హెడ్డింగులు. ఓ రెండు రోజులు ఏం తిన్నారని అడిగి, అదే వాళ్ళ అలవాటని అనుకుని, ఏళ్ళ తర్వాత ఎవరు పోయారో చూశారు. జబ్బుతో తినలేనివాళ్ళు, తీరిక లేక ఒంటిపూట తినేవాళ్ళు అందరూ అందులో కలిసిపోతారు. దాన్ని చూసి భయపడక్కర్లేదు. నోబెల్ పేరు చెప్పి ఎగరాల్సిన పనీ లేదు.

ఉప్పల్ ఉపవాసి:
తక్కువ తినడమే కారణం అనుకుందాం సార్. క్యాలరీలు లెక్కపెట్టి తినడం మన ఇళ్ళలో ఎవరికి సాధ్యం? పులుసులో నూనె ఎంతుందో ఎవరు కొలుస్తారు? ఒక పూట తలుపు మూసేస్తే లెక్క లేకుండానే తక్కువ తింటాం. నాకు అదే చాలు.

మలక్‌పేట మందులషాపు:
ఈ వాదనలు ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్ళకి. నేను కౌంటర్ ఇవతల నుంచి చూసింది చెప్తా. ఓ పెద్దాయన వచ్చి చీటీ ఇచ్చాడు. నేను డబ్బా తీసేలోపు చొక్కా మొత్తం తడిసిపోయింది, మాట ముద్దగా వస్తోంది, అడిగిన దానికి కాకుండా ఇంకేదో చెప్తున్నాడు. చూసినవాళ్ళు తాగాడనుకున్నారు. మీటరు పెడితే 48. అసలు 70 కన్నా తగ్గితేనే ప్రమాదం. గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి పట్టిస్తే పావుగంటకి తేరుకుని "ఇవాళ సంకష్టహర చవితి బాబూ, చంద్రుడు వచ్చేదాకా తినను" అన్నాడు. మాత్ర మాత్రం టైముకి వేసుకున్నాడు! గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, ఇన్సులిన్ ఇంజెక్షన్, మీరు తిన్నా తినకపోయినా షుగర్‌ని దించుతాయి. ఒక్క మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి ఆ భయం తక్కువ. డపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్తరకం మాత్రలతో ఇంకో పేచీ ఉంది. పొడుగు ఉపవాసంలో షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగి ఆసుపత్రి పాలవ్వొచ్చు. మా దగ్గర ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండేది రోజా ఉండేవాళ్ళే. రంజాన్‌కి ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి డోసు మార్పించుకుని వస్తారు. ఏకాదశికి అలా అడిగినవాళ్ళని నేను చూడలేదు.

చార్మినార్ చాయ్:
భాయ్ చెప్పింది నిజం, కానీ అందరూ అంత జాగ్రత్తగా ఉండరు, మా మామూ ఎప్పుడూ డాక్టర్‌కి చెప్పడు. ఇంకో మాట. రోజాలో తెల్లారకముందు సహర్ నుంచి పొద్దు గూకేదాకా మంచినీళ్ళు కూడా ఉండవు. హైదరాబాద్‌లో అది 13 గంటలకు అటూఇటూ. ఒళ్ళు తేలికవుతుందనుకుంటారు అందరూ. మా ఇంట్లో రంజాన్ అయ్యేసరికి సగం మంది బరువు పెరుగుతారు. ఇఫ్తార్‌కి ఖర్జూరం, పండ్లు వరకూ బాగానే ఉంటుంది. ఆ తర్వాత పకోడీ, దహీ వడ, రాత్రి తరావీహ్ నమాజు అయ్యాక పత్తర్‌గట్టీలో హలీమ్, తెల్లవారుజాము దాకా జాగారం, మళ్ళీ సహర్‌లో ఖిచ్డీ ఖీమా. తిండి తగ్గలేదు, పగలు నుంచి రాత్రికి మారింది. నేను రోజా ఉండేది ఆరోగ్యం కోసం కాదు కాబట్టి నాకు ఫిర్యాదు లేదు. ఆరోగ్యం కోసమే అయితే ఆ హలీమ్ ప్లేటు సంగతి ముందు చూడాలి.

గచ్చిబౌలి సెకండ్‌షిఫ్ట్:
మందులషాపు అన్నా, మా నాన్న కూడా నన్ను చూసి టిఫిన్ మానేశారు. వయసు 61. పొద్దున వేసుకునేది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. 12 అయ్యేసరికి చేతులు వణుకుతున్నాయి అంటే వయసు అనుకుంటున్నాం.

మలక్‌పేట మందులషాపు:
వయసు కాదు తమ్ముడూ. రేపటి నుంచి ఆయన టిఫిన్ తినాల్సిందే. వణుకు వచ్చినప్పుడు మీటరు పెట్టి ఆ అంకె రాసుకోండి, అది పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. సొంతంగా మాత్ర ఆపకండి, అది ఇంకో తలనొప్పి. జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్ళలు పెట్టుకోమనండి.

దిల్‌సుఖ్‌నగర్ వార్డెన్:
ఇక్కడ నడుం కొలతల గురించి మాట్లాడుతున్నవాళ్ళంతా నలభై దాటిన మగవాళ్ళలా ఉన్నారు. మా లేడీస్ హాస్టల్లో 19 ఏళ్ళ పిల్లలు కూడా ఇదే 16 గంటల పాట పాడుతున్నారు. అసలే సన్నటి పిల్లలు. కోచింగ్‌కి ఖాళీ కడుపుతో వెళ్ళి, మధ్యాహ్నం సగం చపాతీ వదిలేసి, రాత్రి 11కి నూడుల్స్ తెప్పించుకుంటారు. జుట్టు ఊడుతోందని, నెలసరి తప్పిందని నా దగ్గరికే వస్తారు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తేలింది. వీళ్ళు మానాల్సింది పూట కాదు. ఎదిగే పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, తిండి అంటేనే భయపడే స్థితికి వచ్చినవాళ్ళు ఈ ప్రయోగాల జోలికే రాకూడదని ప్రతి వీడియోలో మొదటి మాటగా చెప్పాలి. ఎవరూ చెప్పరు.

తార్నాక పోపుడబ్బా:
బాగా చెప్పారమ్మా. మా వీధి చివరే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్ళు పళ్ళెంలో పప్పులు, కూరగాయలు పెంచండి, బియ్యం తగ్గించండి అని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. అది ఎవరికీ ఎక్కదు. పూట మానేయమంటే మాత్రం అందరికీ ఉత్సాహం.

ఈస్ట్ మాస్టారు:
శీర్షికలో అడిగిన దానికి ఇంకా జవాబు రాలేదు. ఏ పూట మానాలి? నా ఓటు రాత్రికి. 2018లో ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకి ముందు మెట్టు) ఉన్న మగవాళ్ళతో ఒక చిన్న ప్రయోగం జరిగింది, 8 మందే. మధ్యాహ్నం 3 లోపే రాత్రి భోజనం కూడా ముగించి, మొత్తం తిండి 6 గంటల్లో తిన్నారు. ఐదు వారాల్లో బరువు తగ్గకుండానే ఇన్సులిన్ పనితీరు, బీపీ మెరుగయ్యాయి. ఎనిమిది మందితో లోకాన్ని తేల్చేయలేం, నిజమే. కానీ సాయంత్రం అయ్యేకొద్దీ మన ఒళ్ళు చక్కెరను సర్దుకునే శక్తి తగ్గుతుందన్నది బాగా రుజువైన విషయం. అదే రెండు ఇడ్లీలు పొద్దున తింటే ఒకలా, రాత్రి 11కి తింటే ఇంకోలా. మనవాళ్ళేమో పొద్దుటి ఇడ్లీ మానేసి, రాత్రి 11కి బిర్యానీ తింటూ దానికి ఉపవాసం అని పేరు పెడుతున్నారు.

ఉప్పల్ ఉపవాసి:
సార్, మీరు ఏ హైదరాబాద్‌లో ఉన్నారు? హైటెక్ సిటీ నుంచి ఉప్పల్ చేరేసరికే 9. సాయంత్రం 6కి భోజనం ముగించమంటే రాయదుర్గం మెట్రో స్టేషన్లో క్యారియర్ విప్పమంటారా? ఇంట్లో అందరూ కలిసి తినేది రాత్రి ఒక్క పూటే. అది మానేస్తే షుగర్ తగ్గుతుందేమో, ఇంట్లో బీపీలు పెరుగుతాయి. పాటించలేని మంచి పద్ధతి కన్నా పాటించగలిగే మధ్యరకం పద్ధతి మేలు.

గచ్చిబౌలి సెకండ్‌షిఫ్ట్:
నా షిఫ్టు రాత్రి 11 దాకా. క్యాంటీన్‌లో 7కే భోజనం పెడతారు, మేమే 9 దాకా సాగదీస్తున్నాం. 10:30కి రెండు పెసరట్లు, 2:30కి అన్నం, 7కి ఆఖరు అని పెట్టుకుంటే సాగుతుందా?

తార్నాక పోపుడబ్బా:
పెసరట్టు మంచి ఆలోచన, ఉప్మా మాత్రం దూర్చకు. ఏడింటికి ఉత్త చపాతీ తింటే తొమ్మిదికే పేగులు అరుస్తాయి. గుడ్డో, పన్నీరో, గట్టి పప్పో ఉండాలి. ఇంటికొచ్చాక ఆకలేస్తే పల్చటి మజ్జిగ తాగు, దానికి ఉపవాసం చెడిందని ఎవరూ కేసు పెట్టరు.

ఉప్పల్ ఉపవాసి:
నేను మాత్రం టిఫిన్ జోలికి వెళ్ళను. మూడు నెలల తర్వాత మళ్ళీ రిపోర్టు పెడతా, అప్పుడు మాట్లాడదాం మాస్టారూ.

ఈస్ట్ మాస్టారు:
పెట్టండి. షుగర్ ఒక్కటే కాదు, నడుం కొలత కూడా. ఎత్తగలిగే బరువు తగ్గిందేమో అదీ చూసుకోండి. ఈ మూడు నెలలూ ఏం తిన్నారో ఒక నోట్‌బుక్‌లో రాయండి, సమోసాలతో సహా. లేకపోతే మళ్ళీ ఇక్కడే కొట్టుకుంటాం.